చక్రం తిరుగుతుంటే చేయి దూరం

నా ఎడమచేతి ఉంగరపు వేలు కుడిచేతి ఉంగరపు వేలికంటె సుమారు ఒక సెంటీమీటరు పొట్టిగా ఉంటుంది. అది పుట్టుకతో వచ్చినది కాదు. డెబ్బై రెండవ ఏట, మా ఇంటి వరండాలో, ఒక ఆదివారం ఉదయం సైకిలు గొలుసు తుడుస్తూ నా అంతట నేను తెచ్చుకున్నది. ముప్పై రెండు సంవత్సరాలు ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసి, నలిగిన వేళ్ళకూ తెగిన వేళ్ళకూ ఎన్నింటికో కుట్లు వేసినవాడిని. అటువంటివాడికి ఇటువంటి గాయం కావడం చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది. అందుకే రెండేళ్ళపాటు ఈ సంగతి వ్రాయలేదు. కాని ఇతరుల పొరపాట్లను గురించి ఇన్ని వ్యాసాలు వ్రాసినవాడు తన పొరపాటును దాచుకోవడం న్యాయం కాదనిపించి ఇప్పుడు వ్రాస్తున్నాను.

ఆ సైకిలు నాది కాదు, మా మనుమడిది. హైదరాబాదులో ఉద్యోగం చేసే రోజులలో కొనుక్కున్నాడు. పై చదువుకు విదేశం వెళ్తూ, "తాతయ్యా, దీన్ని అమ్మబుద్ధి కావడం లేదు. నేను తిరిగి వచ్చేదాకా మీ దగ్గర ఉంచండి. అప్పుడప్పుడు గొలుసుకు కాస్త నూనె వేస్తే చాలు" అని తెనాలిలోని మా ఇంట్లో పెట్టి వెళ్ళాడు. సన్నని చట్రం, సన్నని చక్రాలు. గొలుసు మీద కవరు లేదు, స్టాండు లేదు, మడ్‌గార్డులు లేవు, గేర్లు లేవు. చూడడానికి ఎంతో సాదాగా ఉన్నది. ఆ సాదాతనమే నన్ను మోసగించింది.

సైకిలు గొలుసు తుడవడం నాకు కొత్త పని కాదు. 1970లలో గుంటూరు వైద్య కళాశాలలో చదువుకునే రోజులలోనూ, తరువాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిగా చేరిన రోజులలోనూ నా వాహనం సైకిలే. ప్రతి ఆదివారం దానిని స్టాండు మీద నిలబెట్టి, కుడిచేతితో పెడలును వెనుకకు త్రిప్పుతూ, ఎడమచేతిలో కిరోసిన్ గుడ్డతో గొలుసు పట్టుకుని తుడిచేవాడిని. పెడలును వెనుకకు త్రిప్పినంతసేపూ గొలుసు మాత్రమే కదులుతుంది, వెనుక చక్రం కదలదు. చేయి ఆపితే గొలుసూ ఆగుతుంది. యాభై ఏళ్ళుగా చేతులకు అలవాటైన పని అది. చేతులకు అలవాటైన పనిలో మనస్సు పాల్గొనదు. నా విషయంలో జరిగినది సరిగ్గా అదే.

ఫ్రీవీలు లేని సైకిలు

మనం వాడే మామూలు సైకిలుకు వెనుక చక్రం మధ్యన ఫ్రీవీలు ఉంటుంది. దాని లోపల చిన్న కొక్కేలు, రంపపు పళ్ళవంటి గాట్లు ఉంటాయి. ముందుకు తొక్కినప్పుడు కొక్కెం గాటులో పడి చక్రాన్ని త్రిప్పుతుంది. తొక్కడం ఆపినప్పుడు కొక్కెం గాట్ల మీదుగా జారిపోతుంది. మనం కాళ్ళు కదపకుండా వాలులో దిగుతున్నప్పుడు వినిపించే 'టిక్ టిక్' శబ్దం దానిదే.

మా మనుమడి సైకిలుకు ఆ ఏర్పాటు లేదు. వెనుక పళ్ళచక్రాన్ని హబ్బు మీద మర ద్వారా నేరుగా బిగిస్తారు. దీనిని ఫిక్స్‌డ్ గేర్ సైకిలు అంటారు. చక్రం తిరిగినంతసేపు పెడళ్ళు తిరుగుతూనే ఉంటాయి. పెడళ్ళు ఆగాలంటే చక్రం ఆగాలి. వెనుకకు తొక్కితే సైకిలు వెనుకకే పోతుంది. కాళ్ళతో ఎదురు ఒత్తి వేగం తగ్గించవచ్చు కూడా.

ఇది కొత్త ఫ్యాషను కాదు, పాత పద్ధతి. 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ రూపొందించిన రోవర్ సైకిలు నేటి సైకిళ్ళకు మూలరూపం. గొలుసు ద్వారా వెనుక చక్రాన్ని నడిపించిన ఆ కాలపు సైకిళ్ళన్నీ ఇటువంటివే. పందొమ్మిదవ శతాబ్దం ముగిసే సమయానికి గాని ఫ్రీవీలు వాడుకలోకి రాలేదు. నేటికీ వెలోడ్రోమ్‌లో, అంటే అంచులు ఎత్తుగా కట్టిన గుండ్రని పందెపు బాటలో, ఇటువంటి సైకిళ్ళే వాడతారు. వాటికి బ్రేకులు ఉండవు. జపానులో 1948లో ఆరంభమైన కెయిరిన్ పందేలూ వీటిమీదనే జరుగుతాయి. మన హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అటువంటి వెలోడ్రోమ్ ఉన్నది. మా మనుమడికి ఈ సైకిలు మీద మోజు పుట్టినది అక్కడ సాధన చేసేవారిని చూసిన తరువాతనే.

ఇవన్నీ నేను గాయం మానుతున్న రోజులలో చదివి తెలుసుకున్నవి. గాయానికి ముందు చదివి ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు.

ఆ ఆదివారం

సైకిలుకు స్టాండు లేదు గనుక, వరండా దూలానికి ఉన్న ఉయ్యాల కొక్కేనికి తాడు కట్టి సీటును వేలాడదీశాను. వెనుక చక్రం నేలకు జానెడు ఎత్తున లేచింది. నేను సైకిలుకు కుడివైపున, గొలుసు వైపున, పీట వేసుకుని కూర్చున్నాను. అలవాటు ప్రకారం పెడలును వెనుకకు త్రిప్పాను. చక్రం కూడా వెనుకకు తిరిగింది. అది చూసి ముచ్చటపడ్డానే గాని, "ఇది నాకు తెలిసిన సైకిలు కాదు" అని ఆగి ఆలోచించలేదు. ముందుకు ఒకసారి గట్టిగా త్రిప్పి వదిలాను. చక్రం తన ఊపున తాను తిరుగుతున్నది, పెడళ్ళూ గొలుసూ దానితోపాటు తిరుగుతున్నాయి. "బాగున్నదే, త్రిప్పే శ్రమ కూడా లేదు, గుడ్డ పట్టుకుంటే చాలు" అనుకుని, ఎడమచేతిలోని గుడ్డను గొలుసు క్రింది వరుసకు ఆనించాను.

గుడ్డ అంచున ఒక దారం వ్రేలాడుతున్నది. అది గొలుసులో చిక్కుకున్నది. గుడ్డ ఎడమవైపుకు, వెనుక పళ్ళచక్రం అడుగుకు పోయింది. దానితోపాటు నా వేలూ పోయింది. ఇది చదవడానికి పట్టిన సమయంలో పదవ వంతు కూడా పట్టలేదు. మామూలు సైకిలు అయితే నా కుడిచేయి ఆగగానే గొలుసు ఆగేది. ఇక్కడ ఆపడానికి చేయి లేదు. చక్రం ఊపే గొలుసును లాగుతున్నది. ఆ ఊపును ఆపినది నా వేలే.

కుడిచేతితో పెడలును మెల్లగా వెనుకకు త్రిప్పి వేలును విడిపించుకున్నాను. గోటిలో సగం, దాని క్రింది మెత్తని కండ, ఎముక కొన నలిగిపోయాయి. నేను గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వేసుకుంటాను. అందువల్ల రక్తం ఎంతసేపటికీ ఆగలేదు. లోపలినుంచి మా ఆవిడ వచ్చి చూసి, "ఏమండీ, ఇదేమిటండీ!" అని అక్కడే కూలబడింది. ప్రక్క ఇంటి అబ్బాయి ఆటో తెచ్చాడు.

ఆసుపత్రిలో మా అబ్బాయి వయస్సుకంటె చిన్నవాడైన శస్త్రచికిత్స నిపుణుడు ఉన్నాడు. వేలికి మత్తు సూది ఇచ్చి, నలిగిన ఎముక కొనను సరిచేసి, మిగిలిన చర్మంతో కప్పి కుట్లు వేశాడు. పని చేస్తూ చేస్తూ నెమ్మదిగా, "ఎలా జరిగింది సార్?" అని అడిగాడు. నేను మొదటినుంచీ చెప్పాను. అతడు శ్రద్ధగా విని, "యాభై ఏళ్ళ అలవాటు కదా సార్, చేయి తన దారిన పోయింది" అన్నాడు. తప్పు పట్టలేదు.

ఆ మాట విన్నప్పుడు, వేలి నొప్పికంటె ఎక్కువ బాధ కలిగించే జ్ఞాపకం ఒకటి వచ్చింది. దానిని చివర చెబుతాను. ముందుగా, ఇటువంటి సైకిలు ఇంట్లో ఉన్నవారికి పనికివచ్చే సంగతులు చెబుతాను.

తుడిచే పద్ధతి

గొలుసు పళ్ళచక్రంలోకి ప్రవేశించే ప్రతిచోటూ వేలుకు ప్రమాదమే. ముందుకు త్రిప్పినప్పుడు పై వరుస ముందుకు పోయి ముందు పళ్ళచక్రం పైభాగాన ప్రవేశిస్తుంది. క్రింది వరుస వెనుకకు పోయి వెనుక పళ్ళచక్రం అడుగున ప్రవేశిస్తుంది. వెనుకకు త్రిప్పితే ఇవి తారుమారవుతాయి. అంటే ఫిక్స్‌డ్ గేర్ సైకిలుకు నాలుగు చోట్లూ ప్రమాదస్థానాలే.

కాబట్టి నేను ఇప్పుడు పాటిస్తున్న నియమం ఒక్కటే. చక్రం తిరుగుతుంటే చేయి దూరం. చేయి దగ్గరుంటే చక్రం నిశ్చలం. పెడలును కొంచెం త్రిప్పి పూర్తిగా ఆపాలి. రెండు పళ్ళచక్రాలకు నడుమ, క్రింది వరుస మధ్యలో ఉన్న జానెడు భాగాన్ని తుడవాలి. చేయి తీసివేయాలి. మళ్ళీ కొంచెం త్రిప్పాలి. ఇలా చేస్తే గొలుసు మొత్తం శుభ్రం కావడానికి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. నా వేలు మానడానికి ఏడు వారాలు పట్టింది. లెక్క మీరే చూసుకోండి.

దారాలు వ్రేలాడే చింకిగుడ్డ వాడకూడదు. ఉంగరం, చేతిగడియారం, చేతికి కట్టుకున్న తాడు తీసివేయాలి. పంచె, పైటచెంగు, చున్నీ గొలుసు దరిదాపులకు రాకూడదు. ఒకరు పెడలు త్రిప్పుతూ మరొకరు తుడవడం ఎన్నటికీ పనికిరాదు. పిల్లలను దగ్గరకు రానివ్వకూడదు. తిరిగే చక్రాన్ని చూస్తే వ్రేలు పెట్టాలని పిల్లలకు అనిపించడం సహజం. అరవై దాటినవారు వెలుతురు బాగా ఉన్నచోట, దగ్గరి చూపు అద్దాలు పెట్టుకుని ఈ పని చేయాలి.

నూనె, గొలుసు, బిగువు

గొలుసుకు నూనె కావలసినది పైన కాదు, లోపల. ప్రతి కణుపులోనూ ఒక పిన్ను, దానిమీద తిరిగే చిన్న రోలరు ఉంటాయి. అరుగుదల అక్కడే జరుగుతుంది. శుభ్రంచేసి ఆరిన గొలుసుకు, ప్రతి రోలరు మీద ఒక్కొక్క చుక్క చొప్పున పలుచని సైకిలు నూనె వేసి, కొంతసేపు లోపలికి ఇంకనిచ్చి, పైన మిగిలిన నూనెను పొడిగుడ్డతో పూర్తిగా తుడిచివేయాలి. పైన మిగిలిన నూనె దుమ్మును పట్టుకుంటుంది. దుమ్మూ నూనే కలిస్తే ఆకురాయిలా పనిచేస్తుంది. చాలామంది గొలుసు నల్లగా కారేటంత నూనె పోసి సంతోషిస్తారు. అది గొలుసుకు మేలు కాదు. మందు ఎక్కువ వేస్తే రోగం త్వరగా తగ్గుతుందనుకునే రోగుల వరస అది.

గొలుసు వాడగా వాడగా పొడవవుతుంది. "సాగింది" అంటాం గాని, నిజానికి ఇనుపరేకులు సాగవు. పిన్నులు అరిగి కణుపుల మధ్య ఖాళీ పెరుగుతుంది. సైకిలు గొలుసులో ఒక పిన్నునుంచి ప్రక్క పిన్నుకు దూరం అర అంగుళం. అందువల్ల కొత్త గొలుసులో ఒక పిన్ను మధ్యనుంచి లెక్కపెట్టి ఇరవై నాలుగవ కణుపు పిన్ను మధ్యవరకు కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అది అంగుళంలో పదహారవ వంతు పెరిగితే గొలుసు మార్చాలి. ఎనిమిదవ వంతు పెరిగేదాకా ఊరకుంటే పళ్ళచక్రాలు కూడా అరిగిపోయి ఉంటాయి. అప్పుడు కొత్త గొలుసు ఒక్కటి వేసినా కుదురుకోదు. పదిరూపాయల స్కేలు చాలు ఈ పరీక్షకు.

గొలుసు బిగువు మామూలు సైకిలుకు సౌకర్యం మాత్రమే. దీనికి ప్రాణరక్షణ. వదులైతే గొలుసు ఊడుతుంది. తిరుగుతున్న చక్రంలో ఊడిన గొలుసు చిక్కుకుంటే వెనుక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. చిక్కుకోకపోయినా, కాళ్ళతో వేగం తగ్గించే అవకాశం ఆ క్షణమే పోతుంది. మరీ బిగువైతే గొలుసు మూలుగుతుంది, బేరింగులు అరుగుతాయి. గొలుసు మధ్యభాగాన్ని వేలితో పైకీ క్రిందికీ కదిపితే సుమారు ఒక సెంటీమీటరు ఆడాలి. ముందు పళ్ళచక్రం పూర్తి గుండ్రంగా ఉండదు గనుక పెడలును కొంచెం కొంచెంగా త్రిప్పి, ఆపి, నాలుగైదు చోట్ల పరీక్షించాలి. అన్నింటికంటె బిగువుగా ఉన్నచోట కూడా కొద్దిగా ఆడాలి. సరిచేయాలంటే వెనుక చక్రం ఇరుసుకు రెండు వైపులా ఉన్న నట్లను వదులుచేసి, చక్రాన్ని వెనుకకు లాగి, చట్రానికి సరిగ్గా మధ్యన ఉన్నదో లేదో చూసి, మళ్ళీ గట్టిగా బిగించాలి. ముందు పళ్ళచక్రమూ వెనుకదీ ఒకే సరళరేఖలో ఉన్నాయో లేదో వెనుకనుంచి ఒంటికంటితో చూడాలి.

మరొక ముఖ్యభాగం లాక్‌రింగ్. వెనుక పళ్ళచక్రం మామూలు మర మీద, ముందుకు తొక్కేకొద్దీ బిగిసేటట్లు ఉంటుంది. మరి వేగం తగ్గించడానికి ఎదురు ఒత్తినప్పుడు అది విప్పుకోకుండా ఉండాలి కదా! అందుకు దాని వెలుపల ఎడమ మర ఉన్న రింగును బిగిస్తారు. దానిని విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే దిశలో త్రిప్పాలి. ఈ సంగతి తెలియని మెకానిక్కు విప్పబోయి మరింత బిగించి మర పాడుచేస్తాడు. కొత్తగా పళ్ళచక్రం అమర్చినప్పుడు మరలకు గ్రీజు రాసి, గట్టిగా బిగించి, కొంతదూరం తొక్కిన తరువాత లాక్‌రింగును మరొకసారి బిగించాలి.

ఈ సైకిలును వీధిలో తొక్కేవారు ముందు చక్రానికి బ్రేకు లేకుండా తొక్కరాదు. బ్రిటనులో చట్టమే ముందు బ్రేకు ఉండాలంటుంది. 2016లో లండనులో ముందు బ్రేకు లేని ఇటువంటి సైకిలు ఢీకొని రోడ్డు దాటుతున్న ఒక మహిళ మరణించింది. ఆ యువకుడికి మరుసటి సంవత్సరం 18 నెలల శిక్ష పడింది. కాళ్ళ బలం మీద నమ్మకం ఉండడం మంచిదే గాని, ఎదుటివారి ప్రాణాన్ని దానిమీద ఆధారపరచకూడదు.

కిరోసిన్ సీసా

గొలుసు కడగడానికి మన ఇళ్ళలో కిరోసిన్ గాని డీజిలు గాని వాడతారు. వాడవచ్చు. కాని దానిని త్రాగునీటి సీసాలోనో, కూల్‌డ్రింకు సీసాలోనో, గ్లాసులోనో పోసి ఉంచవద్దు. నా ఉద్యోగకాలంలో నీళ్ళనుకుని కిరోసిన్ త్రాగిన పసిపిల్లలు వేసవిలో తరచుగా వచ్చేవారు. తల్లులు భయపడి ఉప్పునీళ్ళు పట్టి, గొంతులో వేలు పెట్టి కక్కించి తీసుకువచ్చేవారు. అది చేయకూడని పని. కిరోసిన్ కడుపులోకి పోయినప్పటికంటె, వాంతిలో ఊపిరితిత్తులలోకి పోయినప్పుడు ఎక్కువ హాని చేస్తుంది. న్యుమోనియావంటి స్థితి వస్తుంది. పిల్లవాడు బాగానే ఆడుకుంటున్నట్లు కనిపించినా, కక్కించకుండా, నోటిద్వారా ఏమీ పట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. కిరోసిన్ తడిసిన బట్టలు తీసివేసి ఒళ్ళు సబ్బుతో కడగాలి. పని పూర్తికాగానే సీసాకు మూత బిగించి, పేరు వ్రాసి, పిల్లలకు అందనిచోట పెట్టడం గొలుసు శుభ్రంచేయడంలో చివరి అంకం అనుకోండి.

వేలు నలిగితే

ముందుగా, ఇరుక్కున్న వేలును గట్టిగా లాగకండి. లాగితే నలిగినది చీలిపోతుంది. పెడలును చాలా మెల్లగా ఎదురు దిశలో కొద్దిగా త్రిప్పండి. రాకపోతే వెనుక చక్రం నట్లు వదులుచేసి చక్రాన్ని ముందుకు తోయండి, గొలుసు వదులవుతుంది.

తరువాత శుభ్రమైన నీటితో కడిగి, శుభ్రమైన గుడ్డతో గాయం మీద గట్టిగా అదిమిపట్టి, చేయి గుండెకంటె ఎత్తులో ఉంచండి. పది నిమిషాలు గుడ్డ ఎత్తి చూడకుండా అదమాలి. దారంతో వేలు మొదట బిగించి కట్టవద్దు. పసుపు, కాఫీపొడి, సున్నం పెట్టవద్దు. వాపు రాకముందే ఉంగరాలు తీసివేయండి. రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి. మధుమేహం ఉన్నవారు చిన్న గాయాన్నయినా చూపించుకోవాలి. మత్తు ఇవ్వవలసి రావచ్చు గనుక ఆసుపత్రికి చేరేలోగా ఏమీ తినవద్దు. ధనుర్వాతం సూది విషయం మరువవద్దు.

వేలు ముక్క పూర్తిగా తెగిపోతే దానిని పారేయకండి. నీటితో తేలికగా కడిగి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, పాలిథిన్ సంచిలో వేసి మూతి కట్టి, ఆ సంచిని మంచుముక్కలు కలిపిన నీటిలో ఉంచి తీసుకుపోండి. ముక్క మంచును నేరుగా తాకకూడదు. దానిని స్పిరిట్‌లోనో పాలలోనో వేయకూడదు. తిరిగి అతికించడం అన్నిసార్లూ సాధ్యం కాదు. గొలుసులో నలిగిన వేలికి మరీ కష్టం. కాని ఆ నిర్ణయం చేయవలసినది శస్త్రచికిత్స నిపుణుడు, మనం కాదు.

ఆ పిల్లవాడు

ఇప్పుడు ఆ జ్ఞాపకం. నేను ఆరోగ్య కేంద్రంలో చేరిన క్రొత్తలో, ఒక మధ్యాహ్నం, సైకిలు షాపులో పనిచేసే పిల్లవాడిని తీసుకువచ్చారు. పన్నెండేళ్ళు ఉంటాయి. కుడిచేతి చూపుడు వేలు మొదటి కణుపు దాకా నలిగిపోయింది. బయట నలభైమంది రోగులు ఉన్నారు. నేను విసుగ్గా ఉన్నాను. వాడి వేలుకు చేయవలసినది చేస్తూ, "కళ్ళు ఎక్కడ పెట్టుకుని పనిచేస్తున్నావురా?" అని కసిరాను. వాడు ఏడవడం మాని తల వంచుకున్నాడు. వాళ్ళ అమ్మ గుమ్మంలో నిలబడి, "అయ్యా, వీడు పని చేసుకోగలడా?" అని రెండుసార్లు అడిగింది. "చేసుకుంటాడులే, ముందు జాగ్రత్తగా ఉండమను" అన్నాను. రిజిస్టరులో 'ప్రమాదవశాత్తు గాయం' అని వ్రాసి తరువాతి రోగిని పిలిచాను.

ఎలా జరిగిందని నేను అడగలేదు. కట్టు మార్చడానికి వచ్చినప్పుడు కాంపౌండరు మాటల మధ్యలో చెప్పాడు. వీడు గొలుసు తుడుస్తుండగా షాపు యజమాని బేరానికి వచ్చినవారికి చూపించడానికి పెడలు పట్టుకుని ముందుకు త్రిప్పాడట. అంటే కళ్ళు ఎక్కడో పెట్టుకున్నది పిల్లవాడు కాదు. అది విన్న తరువాత కూడా నేను వాడితో ఒక్క మంచిమాట చెప్పలేదు. ఆ యజమానిని పిలిచి మాట్లాడలేదు. ఆ షాపులో ఆ తరువాత ఇంకెవరి వేలయినా పోయిందో లేదో నాకు తెలియదు. అడిగి ఉంటే, వెళ్ళి రెండు మాటలు చెప్పి ఉంటే, గాయానికి కట్టు కట్టడంతోపాటు రాబోయే గాయాన్ని ఆపే పని కూడా చేసినవాడినయ్యేవాడిని. వైద్యం అంటే అదీ కలిసినదేనని పుస్తకాలలో చదువుకున్నాను, ఉపన్యాసాలలో చెప్పాను. ఆ మధ్యాహ్నం చేయలేదు.

నలభై ఏళ్ళు గడిచిన తరువాత నాకు కుట్లు వేసిన ఆ యువ వైద్యుడు, కసరడానికి నాలో కావలసినంత కారణం ఉన్నా, కసరకుండా అడిగాడు. నేను చేయవలసిన పని అతడు చేశాడు.

వేలు మానింది. చలికాలంలో తిమ్మిరిగా ఉంటుంది, చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి కొంచెం తడబడతాను. మా అబ్బాయి, "ఆ సైకిలు ఎవరికైనా ఇచ్చేయండి నాన్నగారూ" అన్నాడు. ఇవ్వలేదు. దాని వెనుక హబ్బుకు రెండు వైపులా మర ఉన్నది. ఒకవైపు స్థిరమైన పళ్ళచక్రం, రెండవవైపు ఫ్రీవీలు బిగించుకోవచ్చు. చక్రం విప్పి, త్రిప్పి పెట్టి, వెనుకకూ ఒక బ్రేకు అమర్పించాను. ఇప్పుడు ఉదయం పూట మునిసిపల్ మైదానం చుట్టూ మెల్లగా తొక్కుతున్నాను. మోకాళ్ళ నొప్పులు ఉన్నవారు, తూకం తడబడేవారు, వాలులో కాళ్ళకు విశ్రాంతి ఇవ్వని ఆ స్థిరపు చక్రం జోలికి పోవద్దని నా సలహా. మన వయస్సుకు ఫ్రీవీలే శ్రేయస్కరం.

మొన్న సంక్రాంతికి మనుమడు వచ్చాడు. నా వేలు పట్టుకుని చూసి, "నా వల్లే కదా తాతయ్యా. గొలుసు ఆగదని నేను చెప్పి వెళ్ళవలసింది" అన్నాడు. "నీవు చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరిదీ సమానమే" అన్నాను. ఆ సాయంత్రం ఇద్దరం వరండాలో కూర్చుని గొలుసు శుభ్రం చేశాం. వాడు చక్రం విప్పి స్థిరపు పళ్ళచక్రం వైపు త్రిప్పి బిగించుకున్నాడు, వాడు ఉన్న పదిరోజులూ వాడిది. పెడలు కొంచెం త్రిప్పి, ఆపి, చేయి పెట్టి, తీసి, మళ్ళీ త్రిప్పుతుంటే వాడికి నవ్వు వచ్చింది. "చాలా నిదానం తాతయ్యా" అన్నాడు. "నిదానమేరా" అన్నాను.

ఆ పిల్లవాడికి ఇప్పుడు యాభై అయిదేళ్ళు దాటి ఉంటాయి. ఎక్కడ ఉన్నాడో తెలియదు. సొంత షాపు పెట్టుకుని ఉంటాడని, పనిలోకి వచ్చే పిల్లలకు ముందుగా చక్రం ఆపడం నేర్పుతున్నాడని అనుకోవడం నాకు ఇష్టం. ఈ వ్యాసం చదివేవారిలో యువ వైద్యులు ఉంటే నా మనవి ఒక్కటే. గాయంతో వచ్చినవారిని, ముఖ్యంగా పిల్లలను, ఎలా జరిగిందని మెల్లగా అడగండి. జవాబు పూర్తిగా వినండి. మిగిలినవారికి మనవి మరొకటి. మీ ఇంట్లోనో, మీ వీధి చివరి షాపులోనో ఎవరైనా తిరిగే గొలుసుకు గుడ్డ పట్టుకుని కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి, చక్రం ఆపి తుడవమని చెప్పండి. వినకపోతే ఒక ముసలి డాక్టరు వేలి సంగతి చెప్పండి.